ఐదు గ్రాముల శిక్ష: అమెరికా కొకైన్ చట్టాలలో వర్ణవివక్ష

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1986 నాటి మాదకద్రవ్య నిరోధక చట్టం ఎక్కడా వర్ణాన్ని ప్రస్తావించలేదు. తూకాన్ని మాత్రమే ప్రస్తావించింది. పొడి కొకైన్ 500 గ్రాములు అమ్మినవానికి ఏ కనీస శిక్ష విధించాలో, క్రాక్ 5 గ్రాములు అమ్మినవానికీ అదే విధించాలి. అది ఐదేళ్ల కారాగారం. క్రాక్ వేరొక మాదకద్రవ్యమేమీ కాదు. పొడి కొకైన్‌ను వంటసోడా, నీళ్లతో కలిపి కాచి గట్టిపరిస్తే వచ్చే పదార్థమే అది. చిన్న పలుకులుగా చౌకకు దొరకడం వల్ల నగరాలలోని పేద నల్లజాతి వాడలలో దాని అమ్మకం పెరిగింది. పొడి మాత్రం కలిగినవారి సరుకుగానే మిగిలింది.

చట్టం వచ్చిన తీరు కూడా గమనింపదగినది. ఆ ఏడాది జూన్‌లో లెన్ బయస్ అనే యువ బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు కొకైన్ వల్ల మరణించాడు. అది క్రాక్ అని ప్రచారమైంది. వాడింది పొడి అని తరువాత తెలిసింది. నవంబరులో ఎన్నికలు. అక్టోబరు 27న అధ్యక్షుడు రీగన్ సంతకం చేశారు. నూరు రెట్ల వ్యత్యాసానికి తగిన శాస్త్రీయ ప్రాతిపదికను చట్టసభ చూపలేదు.

క్రాక్ వాడేవారిలో అధికసంఖ్యాకులు నల్లజాతివారు కారని ప్రభుత్వ సర్వేలే చెబుతున్నా, 1990లలో ఫెడరల్ న్యాయస్థానాలలో క్రాక్ నేరాలకు శిక్షపడినవారిలో 80 శాతానికి పైగా వారే. ఉద్దేశపూర్వక వివక్ష రుజువు కాలేదన్న కారణంతో ఆ న్యాయస్థానాలు చట్టాన్ని నిలబెట్టాయి. మిన్నెసోటా సుప్రీంకోర్టు మాత్రం 1991లో, అటువంటి రాష్ట్ర చట్టాన్ని తమ రాష్ట్ర రాజ్యాంగం ఆధారంగా కొట్టివేసింది. ఫలితంలోని అసమానతను చూడటానికి నిరాకరించిన న్యాయశాస్త్రం కంటే ఈ తీర్పే సమంజసమైనది.

1995లో శిక్షల కమిషన్ వ్యత్యాసాన్ని తొలగించమన్నది. చట్టసభ తిరస్కరించింది. పదిహేనేళ్ల తరువాత, 2010 ఆగస్టులో ఒబామా సంతకంతో నిష్పత్తి 18కి తగ్గి, ఐదు గ్రాముల పరిమితి 28 అయింది. అయితే అప్పటికే శిక్ష ఖరారై జైళ్లలో ఉన్నవారికి ఆ సడలింపు వర్తించలేదు. వారు 2018 డిసెంబరు నాటి సంస్కరణ చట్టం దాకా ఆగవలసివచ్చింది.

అప్పుడూ అందరికీ ఊరట దక్కలేదు. 2010 చట్టం మార్చింది కనీస శిక్షలకు సంబంధించిన పరిమితులను మాత్రమేననీ, వాటికి లోబడని అతి చిన్న పరిమాణాల కేసులలో శిక్ష తగ్గింపు కోరే హక్కు లేదనీ 2021 జూన్‌లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. పెద్ద మొత్తంతో పట్టుబడినవాడు అర్హుడయ్యాడు, చిన్న మొత్తంతో పట్టుబడినవాడు కాలేదు. అదే సెప్టెంబరులో వ్యత్యాసాన్ని పూర్తిగా రద్దుచేసే బిల్లును ప్రతినిధుల సభ 361–66 ఓట్లతో ఆమోదించింది. సెనేట్‌లో అది ఓటింగుకే రాలేదు.