ఎర్రకణం పొరలో సుబ్బారావు లెక్క

గౌలిపురలో మా గల్లీ మలుపులోని ల్యాబ్‌ ఇచ్చే రక్తపరీక్ష రిపోర్టులో ‘ఫాస్ఫరస్’ అని ఒక వరస ఉంటుంది. ఎవరం పెద్దగా పట్టించుకోం. రక్తంలో ఫాస్ఫరస్‌ని సులువుగా కొలవడం ప్రపంచానికి నేర్పిన ఇద్దరిలో ఒకరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆ పద్ధతిని ప్రచురించారు. చివర్లో నీలం రంగు వస్తుంది; రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ.

సరిగ్గా అదే ఏడాది నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్రకణాల్లోని కొవ్వుని అసిటోన్‌తో బయటికి తీసి, నీటి మీద ఒక్క అణువు మందంలో పరిచారు. కణాల ఉపరితలానికి దాదాపు రెట్టింపు వచ్చింది. అంటే పొరలో కొవ్వు రెండు వరసలుగా ఉంది! తమాషా ఏంటంటే, కొవ్వు పూర్తిగా బయటికి రాలేదు, కణం ఉపరితలాన్నీ తక్కువ లెక్కేశారు. ఒక తప్పు ఇంకోదాన్ని కొట్టేసింది. కోడ్‌లో రెండు బగ్‌లు ఉండి కూడా టెస్ట్ పాసైనట్టు.

అలాంటి అదృష్టం ప్రతిసారీ ఉండదు, కచ్చితమైన లెక్క కావాలి. పొరలోని కొవ్వులో ఎక్కువ భాగం ఫాస్ఫోలిపిడ్లు. వాటి ఒక్కో అణువులో ఒక్కో ఫాస్ఫరస్. కాబట్టి ఫాస్ఫరస్‌ని కొలిస్తే అణువుల్ని లెక్కపెట్టినట్టే. ఫిస్క్–సుబ్బారావు పద్ధతికి 1959లో బార్ట్‌లెట్ చేసిన మార్పుని ఇప్పటికీ అందుకే వాడతారు.

కొవ్వొక్కటే పొర కాదు. బరువులో సగం దాకా ప్రొటీన్లే. స్పెక్ట్రిన్ లోపలివైపు వలలా పరుచుకుంటుంది. కొవ్వులో దిగబడి ఉన్న బ్యాండ్-3కి ఆ వలని ఆంకిరిన్ ముడేస్తుంది. ముడి వదులైతే పొర చిన్న చిన్న బుడగలుగా ఊడిపోయి, కణం బంతిలా మారి ప్లీహంలో చిక్కుకుంటుంది. పుట్టుకతో వచ్చే స్ఫెరోసైటోసిస్ జబ్బు ఇదే.

పైగా ఫాస్ఫాటిడైల్‌సెరీన్ అనే కొవ్వు లోపలి వరసలోనే ఉండాలి. బయటపడితే శరీరం ఆ కణాన్ని ఏరిపారేస్తుంది. దాన్ని ఎప్పటికప్పుడు లోపలికి తిప్పే ప్రొటీన్‌కి ఇంధనం ఏటీపీ. ఆ ఏటీపీని 1929లో జర్మనీలో లోమన్, విడిగా హార్వర్డ్‌లో ఫిస్క్, సుబ్బారావు కనిపెట్టారు.

సుబ్బారావు పొరల శాస్త్రవేత్తేం కాదు. హార్వర్డ్ ఆయనకి శాశ్వత ఉద్యోగమూ ఇవ్వలేదు; 1948లో, 53 ఏళ్ళకే పోయారు. ఊహ చేసినవాళ్ళకి చరిత్రలో అధ్యాయం, కొలత నేర్పినవాళ్ళకి పేజీ అడుగున చిన్న అక్షరాలు. మనం కూడా ఆయన్ని ఆరియోమైసిన్, మెథోట్రెక్సేట్ లాంటి మందులతోనే తలుచుకుంటాం. నాకు మటుకు ఆ నీలం రంగే గుర్తొస్తుంది, రిపోర్టు చేతికొచ్చిన ప్రతిసారీ.