గడ్డను చూపని స్కాన్: రెజిమెంటల్ బజార్ చీటీల పరిశీలన

రెజిమెంటల్ బజార్‌లో ఓ చిన్న స్కానింగ్ సెంటర్ కౌంటర్ పక్కన కూర్చుని, డాక్టర్లు రాసి పంపిన చీటీలు చదువుతుండగా పుట్టిన అనుమానం ఈ వ్యాసానికి మూలం. ఆయాసంతో వచ్చిన వాళ్ల చీటీల్లో దాదాపు ఎప్పుడూ ఒకటే మాట: ‘హెచ్‌ఆర్‌సీటీ చెస్ట్’, అంటే కాంట్రాస్ట్ మందు ఎక్కించకుండా తీసే ఛాతీ స్కాన్. కరోనా కాలం నేర్పిన అలవాటిది.

కాలికి పిండికట్టుతో నెల రోజులు మంచం మీదున్న ఒకావిడను కొడుకు ఆటోలో తీసుకొచ్చాడు. పిక్క వాచింది. రెండు మాటలకే ఊపిరి అందడం లేదు. చీటీలో అదే మాట. “సూది లేని స్కానే కదా సార్, తక్కువలో అయిపోతుందిగా?” అన్నాడు కొడుకు. ఫిల్ములో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. కానీ పుపుస ధమనిలో, అంటే ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే నాళంలో, రక్తపు గడ్డ లేదని చెప్పే శక్తి ఆ ఫిల్ముకు లేదు. కాంట్రాస్ట్ మందు ఎక్కించకపోతే గడ్డా, దాని చుట్టూ ఉన్న రక్తమూ ఇంచుమించు ఒకే బూడిద రంగులో కనిపిస్తాయి. మర్నాడు మందు ఎక్కించి తీస్తే, కుడి పుపుస ధమనిలో తెల్లటి ధార మధ్య నల్లటి ముద్ద స్పష్టంగా తేలింది.

ఇలాంటి కేసులు చూసినవారికి పరిశోధకులు వీనర్, ష్వార్ట్జ్, వొలోషిన్ 2011లో రాసిన వ్యాసం మింగుడుపడదు. అమెరికాలో 1998 నుంచి 2006 నాటికి ఊపిరితిత్తుల్లో గడ్డ చేరే ఈ జబ్బు (పల్మనరీ ఎంబాలిజం) నిర్ధారణలు లక్షకు 62 నుంచి 112కు పెరిగినా, మరణాలు 12.3 నుంచి 11.9కే తగ్గాయని, కాబట్టి సీటీ అనవసరంగా గడ్డలను పట్టిస్తోందని వారి వాదన. మనవాళ్లూ అదే వల్లెవేస్తున్నారు. కానీ చండీగఢ్ పీజీఐలో 1,000 శవపరీక్షలు చూస్తే 159లో ఊపిరితిత్తుల్లో గడ్డలు దొరికాయి. మన బాధ గడ్డలు ఎక్కువ దొరకడం కాదు, బతికుండగా దొరకకపోవడం.

2006 నాటి పయోపెడ్-2 అధ్యయనంలో సీటీ యాంజియో, అంటే మందు ఎక్కించి తీసే స్కాన్, జబ్బున్నవారిలో 83 శాతం మందిని పట్టుకుంది. అందులో నాకు ముఖ్యమనిపించిన సంగతి వేరే ఉంది: డాక్టరుకు బలమైన అనుమానం ఉన్నప్పుడు స్కాన్‌లో గడ్డ లేదని వచ్చినా, ఆ మాట 60 శాతమే నిజమైంది. అందుకే చీటీలో అనుమానం రాయకపోతే ఫిల్ము చదివేవారికి సగం చూపు పోయినట్టే. తీసే పద్ధతీ అంతే కీలకం. మోచేతి దగ్గర 18 నంబరు కాన్యులా పెట్టాలి, మందు సెకనుకు 4, 5 మిల్లీలీటర్ల వేగంతో పోవాలి, అది పుపుస ధమనికి చేరిన క్షణానే మెషిన్ కదలాలి. “గట్టిగా ఊపిరి పీల్చండి” అంటే కింది నుంచి మందు కలవని రక్తం ఎగదన్ని, లేని గడ్డను చూపించొచ్చు. మామూలుగా పీల్చి ఆపమనాలి.

అయితే కిడ్నీ జబ్బున్నవారికి, గర్భిణులకు ఈ పరీక్ష ఆచితూచి చేయాలన్నది నిజమే.

నేను చూసినవి ఈ ఒక్క బజారు చీటీలే; తెలుగు రాష్ట్రాల్లో మరెక్కడైనా ఇదే కథ ఉందేమో చూడాలి. ‘నిద్రలోనే గుండె ఆగిపోయింది’ అని సరిపెట్టుకున్న చావుల్లో కొన్నిటికి ఈ గడ్డే కారణమై ఉండొచ్చని నా అనుమానం.

డాక్టర్లకు నా విన్నపం ఒక్కటే. ఆయాసంతో పాటు కాలు వాపు గానీ, ఈమధ్య ఆపరేషన్ గానీ, పిండికట్టు గానీ ఉంటే చీటీ మీద ‘సీటీ పల్మనరీ యాంజియో’ అని రాయండి. దాని కిందే మీ అనుమానమేమిటో కూడా రాయండి.