చుక్కల హద్దురాళ్లు – మన పాత హైదరాబాదు సంస్థానం నాటిన లెక్క

గ్రహశకలాల వార్తలు ఈమధ్య మన ఫోన్లలో తరచూ తిరుగుతున్నాయి. అవి ఎక్కడున్నాయో కనిపెట్టే పనిలో మన బీదరు ప్రాంతం ఒకప్పుడు భాగంగా ఉన్న సంస్థానం పాత్ర కూడా ఉంది. అది మనలో చాలామందికి తెలియదు.

గ్రహశకలం దుర్భిణిలో చూసినా మామూలు చుక్కలాగే ఉంటుంది. దాన్ని పట్టిచ్చేది కదలిక ఒక్కటే. ఇవాళ రెండు చుక్కల మధ్య ఉన్నది రేపటికి కాస్త పక్కకు జరుగుతుంది. అది జరిగిందని తేల్చాలంటే, చుట్టూ ఉన్న చుక్కల స్థానాలు ముందే కొలిచి రాసి ఉండాలి. పొలం గట్టు జరిగిందో లేదో హద్దురాళ్లే చెప్పినట్టు.

1801 జనవరి 1న ఇటలీలో పియాజ్జీ మొదటి గ్రహశకలం సిరీస్‌ను చూశాడు. 41 రోజుల తర్వాత అది సూర్యుడి వెలుగు వైపు వెళ్లి కనుమరుగైంది. ఆ కొద్దిపాటి కొలతలతోనే 24 ఏళ్ల గౌస్ దాని దారి లెక్కగట్టాడు. ఆ ఏడాది చివర ఆ లెక్క చెప్పిన చోటికి దగ్గరలోనే దొరికింది. కొలత సరిగా లేకపోతే దొరికిన శకలం కూడా పోతుంది.

మన దేశంలో ఈ పని మద్రాసు వేధశాలలో మొదలైంది. 1861 ఏప్రిల్ 17న నార్మన్ పోగ్సన్ అక్కడ ఒక శకలాన్ని కనిపెట్టాడు. ఈ ఖండం నుంచి దొరికిన మొదటిది కాబట్టి దానికి ఆసియా అని పేరు పెట్టాడు. 1885 వరకు మద్రాసులో మరో నాలుగు కనిపెట్టాడు.

ఇక మన సంగతి. 1901లో నవాబ్ జఫర్ జంగ్ 15 అంగుళాల దుర్భిణి తెప్పించి, హైదరాబాదు ఫిసల్‌బండలో నిజామియా వేధశాలకు పునాది వేశాడు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుంది. ఆకాశమంతా ఫోటోలు తీసి చుక్కల స్థానాలు కొలవాలని 1887లో పారిస్‌లో అంతర్జాతీయ పథకం మొదలైంది. అందులో చిలీ దేశపు సాంటియాగో పూర్తి చేయలేని దక్షిణాకాశపు భాగం, 17 నుంచి 23 డిగ్రీల వరకు, హైదరాబాదుకు వచ్చింది. 8 అంగుళాల దుర్భిణితో గాజు పలకల మీద ఫోటోలు తీసి, ఒక్కో చుక్కనూ కొలిచి లక్షల స్థానాలు అచ్చువేశారు. ఏళ్ల తరబడి ఓపికతో చేసిన పని అది. 1956 దాకా బీదరు జిల్లా ఆ సంస్థానం, ఆ తర్వాతి హైదరాబాదు రాష్ట్రంలోదే. మన తాతల శిస్తు కూడా ఆ ఖజానాకే చేరేది.

ఆ పని వృథా పోలేదు. చుక్కలు కూడా శతాబ్దాల్లో కాస్త జరుగుతాయి. అది తెలియాలంటే పాత కొలత, కొత్త కొలత రెండూ కావాలి. ఐరోపా వారి హిప్పార్కస్ ఉపగ్రహం కొలతలకు ఆ పాత పలకల లెక్కలు జోడించి, 2000లో టైకో-2 అనే జాబితా తెచ్చారు. అందులో 25 లక్షల చుక్కలున్నాయి. గ్రహశకలాల స్థానం తేల్చడానికి అలాంటి జాబితాలే ఆధారం.

నిజామియా వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కొడుకు వేణు బప్పు తర్వాత కావలూరు వేధశాలను నిలబెట్టారు. అక్కడే 1988లో రాజమోహన్ బృందానికి ఒక గ్రహశకలం దొరికింది. దానికి రామానుజన్ పేరు పెట్టారు. బప్పు పేరుతో కూడా ఒక శకలం ఉంది.

మనం ఇప్పుడు కర్ణాటకలో ఉన్నాం కాబట్టి ఈ చరిత్ర మనది కాదనుకోవద్దు. చిమ్కోడ్ పిల్లలకు ఇది చెబుదాం. వెస్టా అనే శకలం బాగా వెలిగే రోజుల్లో మామూలు బైనాక్యులర్‌కు అందుతుంది. మూడు రాత్రులు అదే చోటు చూసి, చుక్కలన్నీ నోటుబుక్కులో గీయమందాం. మూడు బొమ్మలూ పక్కపక్కన పెడితే జరిగిన చుక్క ఏదో పిల్లలే చూపిస్తారు.