వెబ్ సర్వరు – చీటీల కాపలా

పూర్వపు యూనిక్సులో దస్త్రమును ఎవరు చదువవచ్చునో దాని యజమానియే నిర్ణయించెడివాడు. ఇది చాలదని అమెరికా జాతీయ భద్రతా సంస్థ 2000 డిసెంబరులో ఎస్‌ఈలినక్సును వెలువరించినది. 2003లో అది లినక్సు కెర్నెలున చేరినది. అందు ప్రతి ప్రోగ్రామునకు, ప్రతి దస్త్రమునకు ఒక్కొక్క చీటీ యుండును. ఆ రెండు చీటీలకు పొత్తు కలదని నియమావళిలో లేనిచో, యజమాని అనుమతించినను నిరాకరణయే.

2004లో ఫెడోరా దీనిని చేపట్టినది. వెబ్ సర్వర్లు నడుపువారికి చిక్కులును వచ్చినవి. ఇంటి డైరెక్టరీలో వ్రాసిన పుటను ‘ఎంవీ’ ఆజ్ఞతో సర్వరు డైరెక్టరీకి తరలించినచో పాత చీటీయే అంటియుండును. ‘సీపీ’తో నకలు తీసినచో క్రొత్త చోటి చీటీ పడును. అనుమతులన్నియు సరిగానున్నను అపాచీ 403 చూపును! విసిగి కొందరు కాపలానే తీసివేసిరి. ఎంత పొరపాటు! ఆడిట్ చిట్టాలోని ‘డినైడ్’ పంక్తిలో రెండు చీటీలును కనబడును. ‘రెస్టోర్‌కాన్’ ఆజ్ఞతో సరియైన చీటీ మరల అంటును.