జింజరుకు వేరు ఎక్కడ?

అల్లమునకు ఆంగ్లేయులు పెట్టుకున్న పేరు జింజర్. మాటల పుట్టుపూర్వోత్తరాలపై మక్కువ గల మిత్రుల కొరకు దాని వంశవృక్షమును ఇక్కడ వివరిస్తున్నాను.

ప్రాచీనాంగ్లములో ఇది గింగిఫెర్. తరువాత ఫ్రెంచి రూపము తోడై నేటి ఉచ్చారణ ఏర్పడింది. రెంటికీ మూలము లాటిను జింగిబెర్. దానికి మూలము గ్రీకు జింగిబెరిస్. క్రీ.శ. 79లో మరణించిన రోమను పండితుడు ప్లినీ, అల్లము మిరియపు చెట్టు వేరని కొందరు అనుకోవడం సరికాదని వ్రాశాడు. అరబ్బులకది జంజబీల్, ఖురానులో స్వర్గపానీయ ప్రసక్తిలో ఈ మాట ఉన్నది. గ్రీకు పదము మన దేశపు ప్రాకృతముల నుండి వెళ్ళినది. పాళీలో సింగివేర, సంస్కృతములో శృంగవేరము. అమరకోశము దీనిని ఆర్ద్రకమునకు పర్యాయముగా చెప్పింది.

శృంగమనగా కొమ్ము, వేరమనగా దేహము, కనుక కొమ్ము వంటి దేహము గలది అని మాకు వ్యుత్పత్తి చెప్పేవారు. అల్లపు కొమ్మును చూస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది. అయితే భాషాశాస్త్రజ్ఞులు దీనిని ద్రావిడ పదమునకు తొడిగిన సంస్కృత వేషముగా భావిస్తారు. తమిళ మలయాళములలో అల్లము ఇంజి. వేర్ అనగా మన వేరే. పాళీలోని సకారము ఇంజిలో లేదేమని శంకించవచ్చు. పదాదిని చకారము లోపించడము దక్షిణ ద్రావిడ భాషలలో కనిపించేదే. మన ఆరు అనే సంఖ్య ఆదిలాబాదు గోండులకు సారుంగ్. 1952లో ఆలన్ రాస్ అనే ఆంగ్ల పండితుడు ఈ ఒక్క జింజర్ మాటపైనే ఒక గ్రంథము ప్రకటించాడు.

సంస్కృత వ్యుత్పత్తి కుదిరినంత మాత్రాన ప్రతి పదమూ సంస్కృత జన్యము కాదు. అట్లని జింజర్ తెలుగు మాటేనని మీసము మెలివేయడమూ తగదు. మనము అల్లమంటాము, కన్నడిగులు అల్ల అంటారు; ఇంజి మన నోట లేదు. మనకు దక్కిన వాటా వేరు ఒక్కటే, అదీ సోదర భాషలతో ఉమ్మడి ఆస్తి. బడిలో పిల్లలకు ఇది తత్సమము, ఇది దేశ్యమని గీత గీసి చెప్పిన నావంటి వారు గమనించవలసినది ఒకటున్నది: కోశములో తత్సమముగా కూర్చున్న మాట కూడా ఒకప్పుడు దేశ్యమై ఉండవచ్చు.

అదే వేరు ఆంగ్లములో మరొక చోట ముసుగు లేకుండా నిలిచి ఉన్నది. అత్తరు సీసాలపై కనిపించే వెటివర్, తమిళము నుండి ఫ్రెంచి మీదుగా వెళ్ళిన మన వట్టివేరే!