కాకరకాయ: దాని గుణము, దాని మేర



నేను యర్రగొండపాలెము ప్రాంతమున ముప్పదియైదేండ్లు పిల్లలచేత మార్కాపురపు పలకలమీద అక్షరములు దిద్దించి విశ్రాంతి గొన్న యొక పంతులను. వైద్యుడను గాను. అయినను చిన్నతనమున గురువుగారియొద్ద కావ్యములతోపాటు ఒకటి రెండు వైద్యగ్రంథములును చదివినవాడ నగుటచే, మా రచ్చబండయొద్ద కూర్చుండు పెద్దలు తఱచుగా నన్నొక ప్రశ్న యడుగుచుందురు. "పంతులుగారూ, పొద్దున్నే కాకరరసం తాగితే షుగరు మాత్రలు మానుకోవచ్చునంట గదా?" అని. దీనికి ఒక్కమాటలో బదులు చెప్పుటకంటె కాకరకాయ చరిత్రను చెప్పుట మేలని నాకు తోచినది. ఆ చరిత్రలోనే బదులు కలదు.

మొదట పేరు సంగతి. తొలకరి వానలు పడగానే మన దొడ్డిగోడలమీదను, కంచెలమీదను ప్రాకు చేదు తీగ కాకర. అదే ఋతువున నల్లమల యంచున దొరకునది ఆకాకర. దానినే బోడకాకర యనియు నందురు. ఇది దుంపనుండి యేటేట మొలచును. దీనికి ఆడుతీగ వేఱు, మగతీగ వేఱు. కాయకు చేదు లేదు. రెండును ఒకే జాతివారి బిడ్డలవంటివే గాని, ఒకదాని గుణములు రెండవదానికి అంటగట్టరాదు. నేను చెప్పబోవునది చేదుకాకరను గూర్చియే. కన్నడిగులు దీనిని హాగలకాయి యనియు, అరవలు పాగల్కాయ్ అనియు, సంస్కృతమున కారవేల్లమనియు వ్యవహరింతురు.

మన పెద్దలు కాకరను ఎంత గౌరవించిరో తెలుపు కథ యొకటి కలదు. మీలో పలువురు వినియేయుందురు. వసిష్ఠుని యింట శ్రాద్ధమునకు భోక్తగా రమ్మని పిలువగా, విశ్వామిత్రుడు వేయిన్నెనిమిది కూరలు వడ్డింపవలెనని నియమము పెట్టెనట. అరుంధతి కలత చెందక కాకర, నల్లేరు, పనస వండి, వానితో మఱి యెనిమిది కూరలు చేర్చి విస్తట వడ్డించెను. లెక్క యేదియని ముని యడుగగా, శ్రాద్ధమందు కాకర నూఱు కూరలకును, నల్లేరు మూడునూఱులకును, పనస ఆఱునూఱులకును సమానమని శాస్త్రము చెప్పుచున్నదిగదా యనెనట. కథ యెట్లున్నను, పితృదేవతల విస్తటిలో చేదుకూరకు స్థానమిచ్చిన జాతి మనది.

ఇక వైద్యశాస్త్రము. పదునాఱవ శతాబ్దమునందలి భావమిశ్రుడు తన భావప్రకాశమున కారవేల్లమును వర్ణించినాడు. అది చలువచేయును, తేలికగా నఱుగును, విరేచనమును సాఫీచేయును. జ్వరము, పిత్తము, కఫము, పాండురోగము, మేహము, క్రిములు అనువానిని తగ్గించునని యాతని యభిప్రాయము. ఇందు మేహమను మాటను పట్టుకొని నేటివారు గంతులు వేయుచున్నారు. కాని ఒక్క విషయము గమనింపుడు. ఆయన దీనిని చేర్చినది శాకవర్గమునందు, అనగా కూరగాయలలో. చరకుడును ప్రమేహచికిత్స చెప్పుచు యవలు, పాతబియ్యము, పెసరకట్టు, చేదుకూరలు, వ్యాయామము అనువానిని పథ్యముగా విధించినాడు. సుశ్రుతుడు ప్రమేహము రెండు విధములనినాడు. ఒకటి పుట్టుకతో వచ్చునది, రెండవది అపథ్యమువలన వచ్చునది. ఇట్లు విభజించిన ప్రాచీనులు చేదుకూరను పథ్యమందు ఒక యంగముగా నుంచిరేగాని, రోగమునకంతకును ఒకే మందని చెప్పలేదు.

పడమటి దేశములకు కాకర కీర్తి ప్రాకినది మలబారు తీరమునుండి. కొచ్చిలో డచ్చివారి అధికారియైన వాన్ రీడ్ అనునతడు, ఇట్టి అచ్చుదన్ అను మలయాళ వైద్యునియొక్కయు, రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు అను కొంకణ పండితులయొక్కయు సాయముతో అచటి మొక్కలను వర్ణించి, హోర్టస్ మలబారికస్ అను 12 సంపుటముల గ్రంథమును 1678 మొదలు 1693 వఱకు ఆమ్‌స్టర్డాములో అచ్చువేయించెను. అందు మన కాకరయు కలదు. తరువాత 1753లో స్వీడను దేశపు లిన్నేయసు దీనికి మొమోర్డికా చరాంషియా యని శాస్త్రనామ మిడెను. మొమోర్డికా యనగా కొఱుకబడినదని భావము. గింజ యంచులు ఎవరో కొఱికినట్లుండుటయే యా పేరునకు కారణము.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. 1921లో కెనడా దేశమందలి టొరాంటోలో బాంటింగు, బెస్టు అనువారు ఇన్సులినును కనుగొనిరి. 1922 జనవరిలో పదునాలుగేండ్ల బాలునికి మొదటిసారి దానిని సూదితో నెక్కించిరి. అంతకుముందు, బాల్యముననే మధుమేహము పట్టిన పిల్లలు ఏడాది రెండేండ్లలో క్షీణించి మరణించెడివారు. మన దేశమున ఇంటింట కాకరపాదు లుండిన దినములలోను ఆ పిల్లలు బ్రదుకలేదు. ఈ యొక్క సత్యమును మనస్సున నుంచుకొనిన చాలును. కాకర యెచట నిలుచునో మనకు తెలియును.

అట్లని కాకర వట్టిదని నేననను. 1979లో లండను వైద్యపత్రిక యగు లాన్సెటున ఒక సంగతి వెలువడినది. క్లోర్‌ప్రొపమైడను మాత్ర వాడుచుండిన యొక స్త్రీ కాకర, వెల్లుల్లి కలిసిన కూర తినిన దినములలో ఆమె చక్కెర మఱింత తగ్గుచుండెనని అందు వ్రాసిరి. 1981లో జయపురమునందలి పరిశోధకులు కాకరనుండి ఇన్సులినువలె పనిచేయు మాంసకృత్తు నొకదానిని వేఱుచేసిరి. ఆ యేడే ఇంగ్లండునందలి బర్మింగుహాములో తొమ్మండుగురు రోగులమీద పరీక్షింపగా, రసము త్రాగినపుడు చక్కెర పెరుగుట తగ్గెననియు, వేపుడు కొన్ని వారములు తినినపుడు స్వల్పముగా మేలు కనబడెననియు తేలినది. 2011లో థాయిలాండువారు కాకరపొడిని మెట్‌ఫార్మినను మాత్రతో పోల్చి చూచిరి. కాకర కొంత పనిచేసినది; కాని మాత్రకు సరిగాలేదు. 2012లో నాలుగు పరీక్షల ఫలితములను ఒకచో చేర్చి పరిశీలించిన పండితులు, మధుమేహమునకు కాకరను మందుగా విధించుటకు తగినంత రుజువు లేదని తీర్పు చెప్పిరి.

ఇచట మెట్‌ఫార్మిను కథ చెప్పుట యుక్తము. ఐరోపాలో మేకలకు సంబంధించిన పేరుగల గెలీగా యను మొక్కను పూర్వము వైద్యమున వాడెడివారు. దానిలోని సారమును శోధించిన మార్గముననే మెట్‌ఫార్మిను పుట్టినది. 1957లో ఫ్రెంచి వైద్యుడు స్టెర్ను దానిని మధుమేహులకు వాడి ఫలితములను ప్రకటించెను. మొక్కనుండి మందు పుట్టుట కొత్త కాదు. కాని విషమును తొలగించి, మోతాదును నిర్ణయించి, వేలమందికి ఇచ్చి చూచిన పిమ్మటనే అది మందైనది. కాకర యింకను ఆ దారి మధ్యమున నున్నది. ఒక కాయలోని చేదు మఱియొక కాయలో నుండదు. నేల మాఱిన గుణము మాఱును. గ్లాసెడు రసములో మందెంత కలదో త్రాగువానికి తెలియదు, ఇచ్చువానికిని తెలియదు.

దీనిని నేను పుస్తకములలోనే గాక ఒంటిమీదను నేర్చుకొంటిని. నాలుగేండ్ల క్రిందట, మాత్రలు మ్రింగుచునే, ఎవరో చెప్పిరని పరగడుపున గ్లాసు నిండ కాకరరసము త్రాగ మొదలిడితిని. నా వైద్యునితో ఆ మాట చెప్పలేదు. శాస్త్రము చదివినవాడనను గర్వము కొంత, చెప్పిన నవ్వునను సిగ్గు కొంత. ఒకనాటి యుదయమున వీధిలో నడచుచుండగా చెమటలు క్రమ్మి, చేతులు వణకి, కన్నులు చీకట్లు క్రమ్మినవి. ఇరుగుపొరుగువారు పట్టి యింటికి చేర్చిరి. నా భార్య వెంటనే బెల్లపు పానకము త్రాగింపగా తేరుకొంటిని. చక్కెర మిక్కిలి పడిపోయినదని వైద్యుడు చెప్పి, మాత్ర యొకవైపు, రసమొకవైపు లాగినవనెను. తప్పు కాకరది కాదు, మాత్రదియు కాదు, దాచిన నాది.

కావున పెద్దలారా, నా మనవి యిది. కాకరను మానవలదు. పులుసో వేపుడో వారమునకు రెండు మూడుమార్లు తినుడు. నూఱు గ్రాముల పచ్చికాయలో సుమారు 17 కేలరీలు మాత్రమే యుండును. పీచును, సి విటమినును సమృద్ధిగా నుండును. అయితే చేదు పోవుటకై బెల్లము దండిగా వేసి, నూనెలో ముంచి వేచినచో కాకర పేరే మిగులును గాని మేలు మిగులదు. ఉప్పు రాచి గట్టిగా పిండినను సారము కొంత నీటితో పోవును.

గర్భిణులకు రసము నీయరాదు. పసిపిల్లలకు రసమును, గింజలను పెట్టరాదు. సూదియో మాత్రయో వాడువారు రసము త్రాగదలచినచో ముందుగా వైద్యునికి చెప్పవలెను. తమంతట తాము మందు మానరాదు. మధుమేహము చప్పుడు చేయని దొంగ. నొప్పి లేదు గదా యని యూరకుండగా కన్నులను, మూత్రపిండములను, పాదములను దోచుకొనిపోవును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి రక్తపరీక్ష చేయించుకొనుటలో చిన్నతన మేమియు లేదు.

అరుంధతి విస్తటిలో కాకర నూఱు కూరలకు సమానమైనది. ఒక్క మందునకు సమానమని మాత్రము ఆమె యనలేదు. మన పెద్దలు దానికి పెట్టిన మేర అదియే. ఆ మేరలో నుంచినచో కాకర మనకు చిరకాలము మేలుచేయును.