గళ్ళ నుడికట్టు: ఎవరి మాటలు, ఎవరి గళ్ళు?

పదబంధ ప్రహేళిక అనగానే మన విమర్శకులు పెదవి విరుస్తారు. అది పొద్దుపోని వాళ్ళ వ్యవహారమనీ, వారపత్రికల చివరి పేజీ సరుకనీ వాళ్ళ అభిప్రాయం. నేను అలా అనుకోవడం లేదు. ఒక భాషలో ఏ మాట మాటగా చెలామణీ అవుతుంది, ఏది అవదు. ‘అందరికీ తెలిసిన సంగతి’ అన్నప్పుడు ఆ అందరూ ఎవరు? పెద్ద పెద్ద సాహిత్య చరిత్రల్లో దాగి వుండే ఈ ప్రశ్నలు గళ్ళ నుడికట్టులో బాహాటంగా కనిపిస్తాయి. కోనసీమవాణ్ణి కనక ఉదాహరణలు అక్కడి నుంచే తీసుకుంటాను. పైగా ఈ చర్చలో పేర్కొనవలసిన ముగ్గురు ముఖ్యులూ కోనసీమతో సంబంధం వున్నవాళ్ళే.

ఈ ఆట పుట్టింది అమెరికాలో. 1913 డిసెంబర్ 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో ఆర్థర్ విన్ అనే ఉద్యోగి వజ్రాకారంలో గళ్ళు గీసి ‘వర్డ్ క్రాస్’ అని పేరు పెట్టాడు. తరవాత ఆ పేరే తిరగబడి క్రాస్‌వర్డ్ అయింది. 1924లో మొదటి పుస్తకం వచ్చింది. లండన్ ‘టైమ్స్’ మాత్రం చాలాకాలం బిగదీసుకు కూర్చుని, 1930 ఫిబ్రవరి 1న గానీ చోటివ్వలేదు. మనకి వచ్చేసరికి దీనికి రెండు పేర్లు స్థిరపడ్డాయి. ‘గళ్ళ నుడికట్టు’ అచ్చ తెలుగు పేరు. ‘పదబంధ ప్రహేళిక’ పండితుల పేరు. రెండు పేర్ల వెనకా రెండు చరిత్రలున్నాయి.

ప్రహేళిక మనకి కొత్తది కాదు. వాత్స్యాయనుడు చెప్పిన అరవైనాలుగు కళల్లో అది ఒకటి. దండి తన ‘కావ్యాదర్శం’ మూడో పరిచ్ఛేదంలో పదహారు రకాల ప్రహేళికలు చెప్పాడు. వాటివల్ల ప్రయోజనం ఏమిటో కూడా దాపరికం లేకుండా చెప్పాడు: గోష్ఠుల్లో వినోదం, నలుగురి మధ్య రహస్యంగా మాట్లాడుకోవడం, ఎదుటివాణ్ణి తికమకపెట్టడం. చివరి రెండూ గమనించండి. తెలిసినవాణ్ణి లోపలికి రానిచ్చి తెలియనివాణ్ణి గుమ్మం బయట నిలబెట్టడం ప్రహేళిక స్వభావంలోనే వుంది. సమస్యాపూరణం, దత్తపది, నిషిద్ధాక్షరి ఆ ఇంటి పిల్లలే. కడియంలో పుట్టిన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి, ఆయన జంట దివాకర్ల తిరుపతిశాస్త్రి అవధానాన్ని ఊరూరా తిప్పి జనానికి కొంత దగ్గర చేశారు, నిజమే. అయితే పృచ్ఛకుడి కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నది వేరే సంగతి.

పొలాల్లో, వీధి అరుగుల మీద ఇంకో ప్రహేళిక బతికింది. అదే పొడుపు కథ. రెండింటికీ ఒక మౌలికమైన తేడా వుంది. పొడుపు కథకి జవాబు కళ్ళ ముందు వుంటుంది: కొబ్బరికాయో, రోకలో, చెరువులో తామరాకో. పండిత ప్రహేళికకి జవాబు పుస్తకంలో వుంటుంది. మొదటిది విప్పడానికి చూపు చాలు. రెండోదానికి చదువు కావాలి. ఆ చదువు మన ఊళ్ళలో ఎవరికి అందిందో వేరే చెప్పనక్కర్లేదు.

చిత్రమేమిటంటే, అక్షరాలతో ఆడే ఆటకి కవిత్వంలో చోటు లేదన్నవాడు ఒక మహా పండితుడే. జగన్నాథ పండితరాయలు మా ముంగండ అగ్రహారం వాడని కోనసీమలో చెప్పుకుంటారు. షాజహాన్ కొలువులో బిరుదందుకున్న ఈయన ‘రసగంగాధరం’లో కావ్యాన్ని నాలుగు తరగతులు చేశాడు. ఏకాక్షర పద్యాలు, పద్మబంధాలు వంటివాటిని అయిదోదిగా, అధమాధమంగా లెక్కించవచ్చు గదా అని తనే ప్రశ్న వేసుకున్నాడు. రమణీయమైన అర్థం లేనప్పుడు అది కావ్యమే కాదనీ, పాత సంప్రదాయం కొద్దీ మహాకవులు రాసినా తాను లెక్కలోకి తీసుకోననీ తేల్చేశాడు. అర్థం లేని శబ్దవిన్యాసాన్ని ఇంత నిర్మొహమాటంగా కొట్టిపారేసిన వాక్యం మన అభ్యుదయ విమర్శలో కూడా అరుదు. ఆ వాక్యం రాసినవాడు దర్బారు పండితుడు కావడం మనం ఆలోచించుకోవలసిన విషయం.

మరి గళ్ళ నుడికట్టు ఈ తీర్పు కిందికి వస్తుందా? రాదని నా వాదన. పద్మబంధంలో అక్షరం అర్థాన్ని మింగేస్తుంది. గళ్ళ నుడికట్టులో అర్థం నుంచే అక్షరానికి పోవాలి. తెలుగులో ఇది మరీ కష్టం. ఇంగ్లీషులో గడికి ఒక అక్షరం, మొత్తం ఇరవైయారే. మనకి గడిలో గుణింతంతో, వత్తుతో సహా పూర్తి అక్షరం కూర్చోవాలి. అడ్డం మాటలో ‘కొ’ వుండి నిలువు మాటలో ‘కో’ వుంటే గడి చెడిపోయినట్టే. అందుకే మన గళ్ళలో రెండు నుంచి నాలుగైదు అక్షరాల మాటలే ఎక్కువ. ఈ ఇబ్బందిలోనే ఒక సౌలభ్యం కూడా వుంది. అక్షరాలు తిప్పితే ఊహించని మాటలు పుడతాయి. ‘వికటకవి’ సంగతి అందరికీ తెలుసు. ‘పాట’ తిరగబడితే ‘టపా’. ‘లంక’ తిరగబడితే ‘కలం’. గోదావరి లంకల్లో పుట్టి కలం పట్టినవాళ్ళకి ఈ చివరిది కొంచెం ముద్దుగా వుంటుంది, పోనివ్వండి.

శ్రీశ్రీ, ఆరుద్ర ఇద్దరూ పత్రికలకి పదబంధ ప్రహేళికలు కూర్చారు. మహాప్రస్థాన కవి ప్రాసక్రీడలు, లిమరిక్కులు రాసి ‘సిప్రాలి’ వేస్తే నొచ్చుకున్న అభిమానులున్నారు. నాకు అందులో తప్పు కనిపించలేదు. మాటని సుత్తిలా వాడేవాడు దాని బరువు చేత్తో తూచి చూసుకోవద్దా?

అయితే ఈ ఆట డబ్బుతో ముడిపడ్డ ఘట్టం వేరు. బహుమతి క్రాస్‌వర్డ్‌లు ఈ దేశంలో పెద్ద వ్యాపారమయ్యాయి. దాని యంత్రాంగం తెలియాలంటే నమూనాగా నేనొకటి కడతాను: ‘కూలివాడు కోరేది’, రెండు గళ్ళు, మొదటి అక్షరం ‘కూ’. జవాబు ‘కూడు’ కావచ్చు, ‘కూలి’ కావచ్చు. రెండూ న్యాయమైనవే. కానీ నిర్వాహకుడు ముందే రాసి దాచుకున్న మాట ఏదో అదే సరైనది. ఇలాంటి గళ్ళు పది వుంటే పాండిత్యం మూల కూర్చుంటుంది, అదృష్టమే ఆడుతుంది. ప్రవేశ రుసుం మాత్రం ప్రతివాడూ కట్టాలి. బెంగుళూరు నుంచి వెలువడిన ‘స్పోర్టింగ్ స్టార్’ వారపత్రిక పోటీల మీద బొంబాయి రాష్ట్రం పన్ను వేస్తే వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఈలోగా 1955లో పార్లమెంటు ప్రైజ్ కాంపిటీషన్స్ చట్టం చేసింది. అలాంటి చట్టం కావాలని తీర్మానించిన శాసనసభల్లో అప్పటి ఆంధ్ర, హైదరాబాదు రాష్ట్రాలవీ వున్నాయి. నెలకి మొత్తం 1,000 రూపాయలకి మించిన బహుమతులు నిషేధం, పోటీకి 2,000కి మించి ఎంట్రీలు కూడదు. 1957లో సుప్రీంకోర్టు జూదం లాంటి పోటీలకి ఈ ఆంక్షలు చెల్లుతాయనీ, నైపుణ్యం మీద నడిచే పోటీలకి వర్తించవనీ గీత గీసింది. ‘కూడు’కీ ‘కూలి’కీ మధ్య నిర్ణయించేది ఎవరన్న ప్రశ్న ఆ విధంగా న్యాయస్థానం ముందుకు వచ్చింది.

డబ్బు పక్కనపెట్టినా ఆ ప్రశ్న మిగిలే వుంటుంది. సరైన జవాబుకి ప్రమాణం ఏది? నిఘంటువు. ఏ నిఘంటువు? ఇక్కడే కోనసీమవాడు ఇంకొకాయన వస్తాడు. జయంతి రామయ్య పంతులు 1860లో ముక్తేశ్వరంలో పుట్టారు. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపించారు. పిఠాపురం రాజావారి పోషణలో ‘సూర్యరాయాంధ్ర నిఘంటువు’కి నడుం కట్టారు. ఆ కృషిని నేను చులకన చెయ్యను. అలాంటి నిఘంటువు మళ్ళీ మనవల్ల కాలేదు. కానీ దాని ద్వారం దగ్గర నిలబడ్డ సూత్రం ఏది? కావ్యాల్లోకి ఎక్కిన మాటే మాట. జనం నోట మెలిగేది గ్రామ్యం. గిడుగు రామమూర్తి పట్టుబట్టి విమర్శించింది దీన్నే. ముక్తేశ్వరం రేవులో పడవవాడు వాడే మాటకి, ఆ ఊళ్ళో పుట్టినాయన కట్టిన కోటలోకి ప్రవేశం లేకపోయింది.

మా వూరి గ్రంథాలయంలో వారపత్రిక రాగానే ఒక రిటైరైన మేస్టారు గళ్ళు పూరించేవారు. నేను పక్కన కూర్చుని పెన్సిలు చెక్కేవాణ్ణి. కొబ్బరి దింపు చేసే ఒకాయన మధ్యాహ్నం నీడకి వచ్చి గుమ్మం దగ్గర నిలబడేవాడు. ఒకరోజు మేస్టారు పైకి చదివారు: ‘కొబ్బరికాయ, నాలుగు గళ్ళు’. 

‘నాలుగు గళ్ళేటండీ?’ అన్నాడాయన.

‘నారికేళం, అబ్బాయ్.’

‘ఆయ్. దింపేవోడికి తెలీని పేరు కాయకెందుకండీ?’

మేస్టారు నవ్వేశారు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. బొండం, ఒలుపు, పీచు, డొక్క, కురిడీ... అంబాజీపేట బజారు నడిచేది ఈ మాటల మీద. కాయని నెలల తరబడి అటకమీద వుంచి, లోపలి నీరు ఇంకి కొబ్బరి చిప్ప వదిలేదాకా ఆగితే కురిడీ అవుతుంది. అంత పని, అంత కాలం మూడక్షరాల్లో ఇమిడివుంది. నేను పూరించిన గళ్ళలో ‘నారికేళం’ ఎన్నిసార్లు వచ్చిందో చెప్పలేను. ‘కురిడీ’ ఒక్కసారి రాలేదు.

దీనికొక సమాధానం చెబుతారు: కురిడీ కర్నూలువాడికి తెలియదు, పజిలు అందరిదీ కావాలి కదా అని. సరే. ప్రబంధాల్లోని సమాసం కర్నూలువాడికి పుట్టుకతో తెలుసా? తెలియకపోతే నిఘంటువు తీస్తాడు. వృత్తిమాటకి అలాంటి నిఘంటువు లేకపోవడమే అసలు లోపం. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన వ్యవసాయ పదాలతో ‘మాండలిక వృత్తి పదకోశం’ మొదటి సంపుటం వచ్చింది, 1971లో చేనేత పదాలతో రెండోది. రైతూ, సాలీ నోటిమాట అకాడమీ ముద్రతో అచ్చులోకి ఎక్కడం చిన్న విషయం కాదు. కానీ పజిలు కూర్చేవాడి బల్ల మీద ఆ సంపుటాలు నేను చూడలేదు. అక్కడ ‘శబ్దరత్నాకరం’ వుండేది.

జనరల్ నాలెడ్జి ఆధారాల్లోనూ ఇదే వాలు. ‘రసగంగాధర కర్త’ అని అడిగేవారు, ‘పండితరాయలు’ రాసేవాళ్ళం. 1911లో మామిడికుదురులో పుట్టి, దళితుల గుడిసెల మీద కవిత్వం రాసి, ‘గుడిసెలు కాలిపోతున్నాయి’కి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న బోయి భీమన్న పేరు నేను ఆ గళ్ళలో నింపిన గుర్తు లేదు. ముంగండకీ మామిడికుదురుకీ మధ్య దూరం ఎంతో కాదు. 2022లో కొత్త జిల్లాకి అంబేద్కర్ పేరు కలపాలన్నందుకు మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. పేరు నిలిచింది. ఇప్పుడు పోటీ పరీక్షల్లో అది ఒక మార్కు ప్రశ్న.

ఈమధ్య కొందరు డిగ్రీ విద్యార్థులతో కూర్చుని వాళ్ళ ఇళ్ళల్లో వాడే పనిమాటలతో గళ్ళు కట్టించాను. ఆధారాలు వాళ్ళే రాశారు. పాత పద్ధతి వదల్లేదు, తిరగబడినవీ తడబడినవీ అన్నీ వున్నాయి. చిక్కు వేరేచోట వచ్చింది. కావ్యంలోని మాటకి వర్ణక్రమం స్థిరం. నోటిమాటకి కాదు. ‘కురిడీ’లో చివరి గడిలో గుడి రాయాలా, గుడిదీర్ఘమా అని అంబాజీపేట అమ్మాయికీ రాజోలు అబ్బాయికీ పేచీ పడింది. నిలువు మాట దీర్ఘం అడుగుతోంది. అబ్బాయి వాళ్ళ నాన్న దింపు పనిలోనే వున్నాడట, ఆయన్ని ఫోనులో పలికించారు. ఆయన పలుకు విన్నాక కూడా ఇద్దరూ ఎవరికి వినపడింది వాళ్ళు రాసుకున్నారు.